కథ మీద హక్కు ఎవరిది? – కులపురాణాలు, పటం కథలు, నేటి రచయిత

కులం, ప్రాంతం, మతం, తెగ, వృత్తి – వీటి తరఫున మాట్లాడే రచనలు గత మూడు నాలుగు దశాబ్దాలలో తెలుగులో విస్తారంగా వచ్చాయి. అంతవరకూ సాహిత్యంలో చోటు దొరకని జీవితాలు వాటి వల్ల వెలుగులోకి వచ్చాయి. ఇది నిస్సందేహంగా ఆహ్వానించదగిన పరిణామం. అయితే దానితో పాటే ఒక తేలిక భావం కూడా వ్యాపించింది. ఒక సమూహం వాడే కొన్ని మాటలు, ఒక పండుగ, ఒక దేవత పేరు, ఒక వాద్యం పేరు రచనలోకి తెస్తే ఆ సమూహపు సంస్కృతి మొత్తం రచనలోకి వచ్చినట్టేనని చాలామంది యువ రచయితలు అనుకుంటున్నారు. అంటే సంస్కృతిని వస్తువుల పట్టికగా చూస్తున్నారు. ఆ వస్తువుల వెనుక మనుషుల మధ్య ఉన్న సంబంధాలు, ఆ సంబంధాల వెనుక ఉన్న కూడూ గుడ్డా చూడటం లేదు.

ఒక సమూహం తన గురించి తాను చెప్పుకునే కథ ఎలా బతుకుతుంది? దానిని ఎవరు చెబుతారు? ఎవరు పోషిస్తారు? తప్పు చెబితే దిద్దే హక్కు ఎవరికి ఉంటుంది? ఈ ప్రశ్నలకు పుస్తకాలలో సిద్ధాంతాలు వెతకనవసరం లేదు. తెలంగాణ పల్లెలలోని కులపురాణాలను, వాటిని చెప్పే ఆశ్రిత కళాకారుల జీవితాన్ని పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది. నేటి రచయితకు అందులో ఒక పాఠమూ, ఒక హెచ్చరికా కూడా ఉన్నాయి.

చెప్పేవారు, వినేవారు

తెలంగాణలో చాలా వృత్తి కులాలకు వారి పుట్టుకను, వారి దేవుణ్ణి, వారి వీరులను గురించి చెప్పే పురాణాలు ఉన్నాయి. విశేషమేమిటంటే, ఆ పురాణాన్ని ఆ కులంవాళ్లు సాధారణంగా తామే చెప్పుకోరు. చెప్పడానికి వేరొక చిన్న కులం ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, గొల్లలకు కాటమరాజు కథ చెప్పేవాళ్లు విడివిడిగా ఉన్నారు. మాదిగలకు దక్కలివాళ్లు, చిందువాళ్లు జాంబపురాణం వినిపిస్తారు. ఈ చెప్పేవాళ్లనే ఆశ్రిత కులాలని పరిశోధకులు పిలుస్తున్నారు.

ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలన్నది ముందే నిర్ణయమై ఉండేది. ఆ హక్కును మిరాశి అనేవారు. అన్నదమ్ములు భూమిని పంచుకున్నట్టు ఊళ్లను పంచుకునేవారు. ఒకరి మిరాశి ఊరికి మరొకరు వెళ్లి కథ చెబితే తగవు అయ్యేది. కథ చెప్పించుకోవడం పోషక కులానికి కేవలం వినోదం కాదు, అది బాధ్యత. కళాకారులు ఊరికి వచ్చినప్పుడు కులపెద్దలు ఇంటింటికీ ఇంత అని వేసి ధాన్యం, డబ్బు, బట్టలు ఇవ్వాలి. ఇవ్వకపోవడం కులానికే తలవంపు.

ఇలా ఈ ఏర్పాటులో ఇరువైపులా హక్కు ఉంది, ఇరువైపులా బాధ్యత ఉంది. చెప్పేవాడికి ఊరి మీద హక్కు. వినేవాడికి కథ మీద హక్కు. వినేవాళ్లలో పెద్దలకు కథ ముందే తెలుసు. గోత్రాల వరుస తప్పినా, ఒక వీరుడి మరణఘట్టం తొందరపడి దాటవేసినా అక్కడే అడగగల శ్రోతలు వాళ్లు. అచ్చులో పడిన రచనకు విమర్శకుడు ఉంటాడు, కాని అతడు రచన పూర్తయిన తరువాత వస్తాడు. ఇక్కడ విమర్శ కథ నడుస్తుండగానే జరుగుతుంది. తరాల తరబడి ఇంత పెద్ద కథలు చెక్కుచెదరకుండా నిలవడానికి, అవసరమైన చోట మారడానికి కూడా ఈ శ్రోతల నిఘాయే ముఖ్య కారణం.

పటం ఎందుకు పుట్టింది

ఈ కథలలో కొన్నిటికి పటం ఆధారం. కథను బొమ్మలుగా వేసిన పొడవాటి బట్ట అది. ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల ఈ పటాలకు పేరుపొందింది. వేసేవాళ్లు నకాషీలు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మబంక కలిపి పూత పూస్తారు. ఆరిన తరువాత దానిమీద రేఖలు గీసి రంగులు నింపుతారు. నేపథ్యం సాధారణంగా ఎర్రగా ఉంటుంది. వెడల్పు సుమారు 3 అడుగులు ఉంటే, పొడవు 40 అడుగులు దాటిన పటాలు కూడా ఉన్నాయి. బొమ్మలు అరలు అరలుగా, ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. కథకుడు పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క అరను విప్పుతూ, బొమ్మను చూపుతూ, పాటతోనూ వచనంతోనూ కథ నడుపుతాడు. ఒక కథ పూర్తికావడానికి కొన్ని రాత్రులు పడుతుంది.

ఇక్కడ రచయితలు గమనించవలసిన విషయం ఒకటుంది. పటం తనంతట తాను సంపూర్ణమైన కళాఖండం కాదు. బొమ్మ వేసే నకాషీ ఒకడు, దాన్ని పట్టుకుని చెప్పే కథకుడు మరొకడు, ఇద్దరినీ పోషించి వినే కులం వేరొకటి. ముగ్గురూ కలిస్తేనే కథ. నకాషీ తన ఇష్టం వచ్చినట్టు ఘట్టాలు వేయలేడు. కథకుడికి ఏ ఘట్టం కావాలో ఆ వరుసలో వేయాలి. బొమ్మలోని దేవతలు, రాజులు తెలంగాణ పల్లెల బట్టలు కట్టుకుంటారు, పల్లె ఇళ్ల వంటి ఇళ్లలో ఉంటారు. దానికి కారణం చిత్రకారుడికి చరిత్ర తెలియకపోవడం కాదు. పురాణం తమ వాడలోనే జరిగిందని శ్రోత గుర్తుపట్టాలి. శిల్పాన్ని నిర్ణయించినది ఆ అవసరమే. పాతబడి చిరిగిపోయిన పటాన్ని నీళ్లలో నిమజ్జనం చేసే ఆచారం కూడా ఉండేది. దాచిపెట్టి చూసుకునే వస్తువుగా దాన్ని వాళ్లు భావించలేదు. కథ చెప్పడానికి పనికివచ్చినన్నాళ్లే దానికి ఆయుష్షు.

పురాణం లోపలి బతుకు

కులపురాణాలు మూఢనమ్మకాల పుట్టలని, కులతత్వాన్ని పెంచుతాయని కొందరు అభ్యుదయవాదులు వాటిని పక్కన పెట్టారు. వాటిలో కులతత్వం లేదని ఎవరూ అనలేరు. కాని కథను విప్పి చూడకుండానే తీర్పు చెప్పడం శాస్త్రీయ దృష్టి అనిపించుకోదు.

పద్మశాలీల పురాణంలో భావనారుషి తామర తూండ్ల నారతో దేవతలకు బట్ట నేస్తాడు. రాక్షసుణ్ణి చంపే వీరుడే మగ్గం మీద కూర్చునే పనివాడు కూడా. శాస్త్రాలు శ్రమను తక్కువ చేసిన సమాజంలో నేతగాడు తన మగ్గాన్ని దేవసభలో నిలిపిన కథ ఇది. బట్ట లేకపోతే దేవతలు కూడా నగ్నంగానే ఉండేవారన్న భావం ఈ కథ అడుగున ఉంది.

గొల్లల కాటమరాజు కథ ఇంకా సూటిగా ఉంటుంది. కరువు కాలంలో మందలు తోలుకుని నెల్లూరు సీమకు వెళ్లిన గొల్లలకూ, ఆ సీమను ఏలిన నల్లసిద్ధికీ మధ్య పుల్లరి విషయంలో తగవు వచ్చింది. అది యుద్ధమైంది. పుల్లరి అంటే పచ్చిక మేసినందుకు కట్టవలసిన పన్ను. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ యుద్ధం కవి తిక్కన బంధువైన ఖడ్గతిక్కన శౌర్యం ద్వారా పండితులకు తెలుసు. గొల్లలకు మాత్రం అది గడ్డి మీద హక్కు కోసం జరిగిన యుద్ధం. ఒకే పోరు రాజు పక్షం నుంచి ఒక రకంగా, పశువుల కాపరి పక్షం నుంచి మరొక రకంగా నిలిచింది. 1970లలో తంగిరాల వెంకట సుబ్బారావు ఈ కథాచక్రాన్ని సంపుటాలుగా పరిష్కరించి ప్రచురించే దాకా, గొల్లల పక్షపు కథ చాలావరకు కథకుల నోటనే బతికింది.

జాంబపురాణం మరింత లోతైనది, మరింత బాధాకరమైనది. జాంబవంతుడు లోకానికంటే ముందే పుట్టిన ఆదిపురుషుడు. అగ్రవర్ణం ఎంత పాతదని చెప్పుకున్నా తాము అంతకంటే పాతవాళ్లమని మాదిగలు ఈ కథ ద్వారా ప్రకటిస్తారు. పురాణాల భాషలోనే పురాణాల మీద చేసిన తిరుగుబాటు ఇది. కాని అదే కథలో కామధేనువు ఘట్టం కూడా ఉంది. ఆవు చావడం, దాన్ని కోయడానికి జాంబవంతుణ్ణి పిలవడం, వంట దగ్గర జరిగిన తప్పు వల్ల శాపం తగలడం – ఇలా కథ సాగి, మాదిగలు నేటి స్థితికి ఎందుకు వచ్చారో చెబుతుంది. అంటే మొదట తల ఎత్తించిన కథే చివరికి తప్పు మనదేనని తల దించుతుంది. అణచివేతకు కారణం అణచివేసినవాడిలో కాక అణగారినవాడి పొరపాటులో వెతుకుతుంది.

ఆత్మగౌరవమూ, ఆత్మనిందా ఒకే కథలో పక్కపక్కనే ఉన్నాయన్నది మనం మరువరాదు. ఒకదాన్ని మాత్రమే ఏరుకుని రాసే రచయిత సమూహానికి న్యాయం చేయడు. గౌరవాన్ని మాత్రమే తీసుకుంటే భజన అవుతుంది. నిందను మాత్రమే తీసుకుంటే ఎగతాళి అవుతుంది.

ఆశ్రితుడి నోటికి తాళం

ఇంతకీ ఆ శాపఘట్టాన్ని కథకుడు ఎందుకు ప్రశ్నించలేదు? ఇక్కడే ఆశ్రిత వ్యవస్థ పరిమితి బయటపడుతుంది. ఆ ఇంటి కూడు తిని ఆ ఇంటి వాసాలు లెక్కపెట్టడం అతడికి సాధ్యం కాదు. పోషక కులానికి నచ్చిన గొప్ప చెప్పాలి, అలవాటైన శాపమూ చెప్పాలి. మార్చితే మిరాశి పోతుంది.

దక్కలి కళాకారుడి స్థితి చూడండి. మాదిగల పుట్టుకను గానం చేసేది అతడే. కాని సంప్రదాయం ప్రకారం మాదిగ ఇంటి లోపలికి అతడికి ప్రవేశం లేదు; వాడకు ఎడంగా ఉండి కథ చెప్పి, ఇచ్చినది తీసుకుని వెళ్లాలి. ఊరు మాదిగను వెలివేసింది; మాదిగవాడ దక్కలిని వెలివేసింది. ఒక కులపు ఆత్మగౌరవ గాథను మోసినవాడికి ఆ గౌరవంలో వాటా లేదు. సముదాయం అన్న మాటను మనం ఎంతో ప్రేమగా వాడతాం. ఆ మాట కింద ఎన్ని మెట్లు ఉన్నాయో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. చిందు యక్షగానంలో పురుష పాత్రలు సైతం ధరించి ప్రసిద్ధురాలైన చిందు ఎల్లమ్మ 2005లో మరణించింది. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఈ గుర్తింపులు సంతోషించదగినవే. కాని వ్యక్తికి వచ్చిన బిరుదు ఆ మెట్లను తొలగించదు.

శ్రోత మారినప్పుడు

నేడు ఆశ్రిత వ్యవస్థ చాలావరకు చితికిపోయింది. చేతివృత్తులు దెబ్బతిన్నాయి; మగ్గం ఆగిన ఇల్లు కథకుడికి ఏమి ఇస్తుంది? సినిమా, టెలివిజన్, ఇప్పుడు సెల్‌ఫోన్ రాత్రుల వినోదాన్ని ఆక్రమించాయి. పటం చేయించుకునే కథకుడు తగ్గగానే నకాషీ వేరే కొనుగోలుదారుని వెతుక్కున్నాడు. పొడవాటి పటం ముక్కలై గోడకు వేలాడే చిన్న చిత్రమైంది. పటాలతో పాటు మాస్కులు, బొమ్మలు, అలంకరణ సామగ్రి ఎక్కువయ్యాయి. చేర్యాల కళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

దీనికి నకాషీని తప్పుపట్టడం అన్యాయం. అతడు బతకాలి. కాని జరిగినదేమిటో విమర్శకుడు స్పష్టంగా చూడాలి. ఎర్ర రంగు అదే, రేఖ అదే, బట్ట అదే. మారినది శ్రోత. గోడ మీది బొమ్మను కొన్నవాడికి అది ఏ కథలో ఏ ఘట్టమో తెలియదు; తెలియవలసిన అవసరమూ లేదు. అతడు తప్పు పట్టలేడు, మళ్లీ చెప్పమని అడగలేడు. కథ నుంచి విడిపడిన బొమ్మ ఒక ప్రాంతానికి గుర్తుగా మాత్రమే మిగులుతుంది. మన అస్తిత్వ రచనలలో కొన్ని ఈ గోడ బొమ్మలలాగే ఉన్నాయి. వాడ గురించి రాసినా వాడ వినడానికి రాసినవి కావు. బయటివాడు చూసి ముచ్చటపడటానికి రాసినవి.

నాజర్ చూపిన దారి

పాత రూపాన్ని తీసుకుని, ఆశ్రితత్వాన్ని వదిలి, శ్రోతను మాత్రం వదలకుండా నిలబడటం సాధ్యమేనా? మన ప్రగతిశీల సాంస్కృతికోద్యమ చరిత్రలో దీనికి జవాబు ఉంది.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టాడు. జంగాలు చెప్పుకునే తంబుర కథ ఆయన చేతిలో, ప్రజానాట్యమండలి ఉద్యమంలో, బుర్రకథగా కొత్త శక్తిని సంతరించుకుంది. 1943 నాటి బెంగాల్ కరువు నుంచి పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు దాకా ఆయన గొంతులో కథలయ్యాయి. వస్తువు మారడం ఒక్కటే ఇక్కడ విశేషం కాదు. బుర్రకథలో ప్రధాన కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. వంత మధ్యలో ఆపి అడుగుతాడు, సందేహిస్తాడు, ఎగతాళి చేస్తాడు, నేటి ధరల గురించీ నేటి దొరల గురించీ మాట తెస్తాడు. పాత కథలో కులపెద్దకు ఉన్న అడిగే హక్కు ఇక్కడ వేదిక ఎక్కింది. పైగా ఆ ప్రశ్న వంశగౌరవం తరఫున కాక, ఎదుట కూర్చున్న కూలీ, రైతు తరఫున వచ్చింది.

నాజర్ పల్నాటి వీరుల కులంవాడు కాదు, బొబ్బిలి దొరల వంశంవాడు కాదు. అయినా ఆ కథలు ఆయనవి అయ్యాయి. బయటివాడు రాయకూడదన్న వాదానికి ఇది ఒక సమాధానం. పుట్టుక ఒక్కటే హక్కు ఇవ్వదు. ఊరూరా తిరిగి, కథ తెలిసిన జనం ముందు నిలబడి, వారి తీర్పుకు తలవంచి ఆయన ఆ హక్కు సంపాదించాడు. అదే సమయంలో తన పుట్టుకను దాచుకోలేదు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. తిట్టుగా వాడే మాటను శీర్షికగా నిలబెట్టడం ఆ జీవితానికి తగినదే. 1986లో పద్మశ్రీ అందుకున్న నాజర్ 1997లో కన్నుమూశాడు.

1972లో ఏర్పడిన జననాట్యమండలి, 2023లో మరణించిన గద్దర్ ఒగ్గుకథ వంటి రూపాలను ఇదే దృష్టితో వాడుకున్నారు. రూపాన్ని జనం నుంచి తీసుకున్నవాడు కొత్త వస్తువుతో తిరిగి జనం ముందుకే రావాలన్నది ఈ సంప్రదాయం నేర్పిన క్రమశిక్షణ.

నేటి రచయిత ముందున్న పని

ఇప్పుడు రెండు స్థితులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆశ్రిత కథకుడికి జవాబుదారీ ఉంది, స్వేచ్ఛ లేదు. నేటి రచయితకు స్వేచ్ఛ ఉంది, జవాబుదారీ లేదు. పత్రిక అచ్చువేస్తుంది, సభ మెచ్చుకుంటుంది, బహుమతి వస్తుంది. ఏ వాడ గురించి రాశాడో ఆ వాడ ఆ రచన చదవకపోయినా అతడికి నష్టం లేదు. అస్తిత్వ సాహిత్యం ఎదుర్కొంటున్న అసలు సంకటం ఇదే. కథకుడు అడగలేని ప్రశ్నను రచయిత అడగాలి. రచయిత పోగొట్టుకున్న శ్రోతను కథకుడి దగ్గర నుంచి తిరిగి తెచ్చుకోవాలి. ఈ రెండూ కలిసినప్పుడే సమూహం గురించిన కళ బలపడుతుంది.

మన సాహిత్యంలో దీనికి దారులు లేకపోలేదు. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాసినప్పుడు కాళిదాసు పద్ధతిలోని సందేశకావ్యాన్ని తీసుకున్నాడు. కాని సందేశం పంపేవాడు గుడి లోపలికి వెళ్లలేని మనిషి. గుడిలోకి వెళ్లగలిగినది గబ్బిలం ఒక్కటే. కథ వినే మనిషే లేనప్పుడు ఆ లేమినే కావ్యానికి మూలస్తంభం చేసిన తీరు అది. వేముల ఎల్లయ్య ‘కక్క’ నవల మాదిగవాడ మాటను బయటివాడి కోసం చదును చేయకుండా నడిచింది. ఆ నవల మొదటి శ్రోత ఎవరో భాషే చెబుతుంది. మిగిలిన పాఠకుడు శ్రమపడి దాని దగ్గరికి రావాలి.

సాహిత్యానికి బయట కూడా ఈ మార్పు జరిగింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం దండోరా అన్న పేరు పెట్టుకుంది. ఊరి పెద్దల ఆజ్ఞలు చాటడానికి మాదిగల చేత వెట్టిగా కొట్టించిన డప్పు, వాళ్ల హక్కులను చాటే పేరుగా మారింది. 2024 ఆగస్టు 1న షెడ్యూల్డ్ కులాల ఉపవర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ ఉద్యమం తెచ్చిన చైతన్యాన్ని గౌరవిస్తూనే, దక్కలి కథకుడు అడగని ప్రశ్నను కూడా సాహిత్యం అడగవలసి ఉంటుంది: మాదిగవాడ చివరన గుడిసె వేసుకున్నవాడికి ఇందులో చోటెక్కడ?

కాబట్టి తన సమూహం గురించి గాని, పరాయి సమూహం గురించి గాని రాయబూనే రచయిత మూడు విషయాలు పరిశీలించుకోవాలి. మొదటిది, ఈ రచనను తప్పుపట్టే హక్కు ఎవరికి ఉంది, వారి దాకా ఇది వెళుతుందా అన్నది. రెండవది, ఈ ఆచారం, ఈ పాట, ఈ దేవత వెనుక ఏ పని, ఏ భూమి, ఏ పుల్లరి ఉన్నాయన్నది. మూడవది, ఈ కథ ఎవరి తల ఎత్తుతోంది, ఎవరి తల దించుతోంది, ఎవరిని గడప బయటే నిలబెడుతోంది అన్నది.

ఈ పరిశీలన గదిలో కూర్చుని పూర్తయ్యేది కాదు. రాసినదాన్ని రాసినచోటికి తీసుకువెళ్లి చదివి వినిపించాలి. మన సంఘాల సభలు పట్టణాల హాళ్లలోనే జరగడం మాని మగ్గాల వాడల్లో, దళితవాడల్లో, సంచార కళాకారుల గుడారాల దగ్గర జరగాలి. అక్కడ ఎవరో ఒక ముసలమ్మ మధ్యలో ఆపి, అది అట్ల కాదు బిడ్డా, అని దిద్దితే ఆ దిద్దుబాటును రచనలోకి తీసుకునే వినయం రచయితకు ఉండాలి. ఆమె చెప్పినదాంట్లో అన్యాయం కనబడితే, అది ఎందుకమ్మా అట్ల, అని ఎదురు అడిగే ధైర్యమూ అతడికి ఉండాలి.